తిరిగిచ్చేసిన బిళ్ళ

నేను చేసిన తెలివితక్కువ పని ముందే చెప్పేస్తాను. ఎట్లాగూ మా బావ చెప్తాడు, ఆయన చెప్తే ఇంకో నాలుగు కలుపుతాడు. బిట్‌కాయిన్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఓ నాలుగు బస్సుల్లో పట్టేటంత మందే ఉన్న రోజుల్లో, ముక్కూ మొహం తెలియని ఒకాయన నాకు కొన్ని కాయిన్లు ఊరికే పంపించాడు. ఎన్నో చెప్పను. చెబితే మా ఇంటామె ఈరోజు రేటుతో గుణిస్తుంది. గుణించినప్పుడల్లా రెండు పూటలు కూరలో ఉప్పుండదు. వాటిని నేను పోగొట్టుకోలేదు. అమ్ముకోలేదు. దొంగలు ఎత్తుకుపోలేదు. పంపినాయనకే దండం పెట్టి తిరిగిచ్చేశాను. ముట్టినట్టు రశీదు కూడా అడిగాను.

ఎందుకిచ్చానో అర్థం కావాలంటే మా ల్యాంపు రూం ఎట్లుంటుందో తెలియాలి.

గోదావరిఖనిలో ఒక భూగర్భ గని మీద, తలలైట్లు ఇచ్చి పుచ్చుకునే గది అది. నా ఉద్యోగం అందులోనే. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ళ ఉంటాయి. షిఫ్టుకొచ్చినాయన కిటికీలోంచి బిళ్ళ ఇస్తాడు, నేను అదే నంబరు లైటు ఇస్తాను. లైటు తీసిన కొక్కేనికి బిళ్ళ తగిలిస్తాను. పైకొచ్చాక లైటు నాకు, బిళ్ళ ఆయనకు. బోర్డు మీద బిళ్ళ వేలాడుతుందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట. గోడంత బోర్డు. మేనేజరుకు ఎంత కనబడుతుందో, పెనిమిటి ఇంకా ఇంటికి రాలేదని వెతుక్కుంటూ వచ్చిన ఆడమనిషికీ అంతే కనబడుతుంది.

ఇంకో రూలుంది. బిళ్ళ మన సొత్తు కాదు. బదిలీ అయినా, రిటైరైనా వాపస్ ఇచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. ఒక పెద్దాయన రిటైరైన రోజున "గుర్తుకు ఉంచుకుంట బిడ్డా" అని బతిమాలితే, రూలు రూలే అని గుంజుకున్న పాపం కూడా నా ఖాతాలో ఉంది.

నన్ను ఆ కాయిన్ల లోకంలోకి దింపింది మా పక్క క్వార్టర్ ఇంజనీరు. గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. ఇంట్లో కంప్యూటరు, పచ్చలైటు మిణుకు మిణుకుమనే మోడెం ఉండేవి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఏదో ఫారం నింపించుకుందామని వెళితే, "ఆ ఫారం తర్వాతండీ, ముందు ఈ ఫోరం చూడండి" అన్నాడు. మాటలతో ఆడుకునే జబ్బు నాకొక్కడికే ఉందనుకున్నాను. తోడు దొరికింది.

ఆ ఫోరం ఒక రచ్చబండ, కానీ కూర్చున్నవాళ్ల మొహాలు కనబడవు. దేశదేశాల వాళ్లు, ఉత్తుత్తి పేర్లతో, ఏ సర్కారూ అచ్చెయ్యని డబ్బు గురించి మాట్లాడుకుంటున్నారు. దాన్ని కనిపెట్టినాయన కూడా అందరిలో ఒకడిలాగే వచ్చి, అడిగినవాళ్లకు ఓపిగ్గా జవాబిచ్చి పోతున్నాడు. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. నాకు సగం అర్థమయ్యేది కాదు. కానీ ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ణి. వాళ్లావిడ మజ్జిగ ఇచ్చేది, ఆయన తెలుగు చేసి చెప్పేవాడు, నేను నోరు తెరిచి వినేవాణ్ణి. మజ్జిగ కోసం కూడా తెరిచేవాణ్ణనుకోండి.

ఒకతను ఆ ఫోరంలో, నాకెవరైనా రెండు పిజ్జాలు తెచ్చిపెడితే కాయిన్లు ఇస్తానని రాశాడు. మొదట ఎవరూ పలకలేదు. రోజులు గడిచాయి. ఏం, ఇచ్చేది తక్కువనిపించిందా అని మళ్లీ రాశాడు. ఆ ముచ్చట్లన్నీ పాతవి, మేం తీరిగ్గా తవ్వి చదువుకుంటున్నాం. "పిజ్జా అంటే ఏంది సార్?" అన్నాను. "మన ఊతప్పం లాంటిదేనండీ, కాస్త పొగరెక్కువ" అన్నాడు. చివరికి ఎవరో తెచ్చిచ్చారు. ఆ మనిషి ఫోటో కూడా పెట్టాడు. ఇప్పుడు అందరూ ఆయన్ను తలుచుకుని నవ్వుతారు, అన్ని కాయిన్లు పెట్టి రొట్టె తిన్నాడని. నాకు మాత్రం ఆనాడు ఒళ్లు జలదరించింది. చేతికి తగలని, కంటికి కనబడని ఒక అంకెను నమ్మి, ఎక్కడో ఒక మనిషి వేడివేడి రొట్టె ఇంకొకరి గుమ్మం దాకా పంపించాడు. నమ్మకం అనేది మొదటిసారి ఆవిరి కక్కుతూ కనబడింది నాకు.

ఇంకొకాయన చలివేంద్రం పెట్టాడు. నిజంగా నీళ్లది కాదు. ఒక పేజీ తెరిచి, వచ్చినవాళ్లందరికీ కాయిన్లు ఊరికే ఇచ్చాడు, అలవాటు కావాలని. మే నెలలో మా చౌరస్తాలో కుండలు పెట్టి, షేర్ ఆటో దిగినవాళ్లకల్లా గ్లాసు అందించే మనిషి గుర్తొచ్చాడు. ఆయనా ఎవరి పేరూ అడగడు. దూప అయితే చాలు.

అట్లా చదువుతుండగా ఒక ఆదివారం ఒక కొత్తవాడి ప్రశ్న కనబడింది. ఒకే కాయిన్‌ను ఒకడు ఇద్దరికి ఇస్తే ఎట్ల పట్టుకుంటరు? పెద్దపెద్దవాళ్లు లెక్కలతో జవాబులు రాస్తున్నారు. నాకు ఆగలేదు. ఇంజనీరును పక్కకు జరిపి, పై విషయమై తమరికి విన్నవించుకునేది ఏమనగా అన్న ధోరణిలో, నాకొచ్చిన షిఫ్టు రిపోర్టు ఇంగ్లీషులో మా బోర్డు గురించి రాశాను. ఒక మనిషికి ఒకటే బిళ్ళ. బిళ్ళ ఎక్కడుందో అందరికీ కనబడుతుంది. ఒకే మనిషి ఒకే షిఫ్టులో రెండు గనుల్లోకి దిగలేడు, దిగినట్టు చెప్పినా బోర్డు ఒప్పుకోదు.

వారం తర్వాత చూస్తే దాని కింద ఎంతమందో రాశారు. ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదని ఒకరు. నిజంగా గనిలో పని చేస్తావా అని ఇంకొకరు. అక్కడ కంప్యూటర్ల చేత కాయిన్లు పుట్టించడాన్ని కూడా తవ్వకమే అంటారు మరి. అవునండీ, మాది నల్లగా ఉంటుంది, దగ్గు వస్తుంది అని జవాబిచ్చాను. ఆ ముచ్చటకు మురిసిపోయి, ఇంజనీరు తన కంప్యూటర్లో నా పేరున తెరిచిన ఖాతాకు ఒకాయన పంపినవే ఆ కాయిన్లు. జీవితంలో నేను రాసింది ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. మా మేనేజరైతే నా రిపోర్టుల్లో కామాలు మాత్రమే మెచ్చుకునేవాడు, అవి చిన్నగా ఉంటాయని.

ఆ చలికాలంలో కనిపెట్టినాయన మాయమయ్యాడు. వీడ్కోలు లేదు, దండాలు లేవు. ఏదో చిన్న మరమ్మతు గురించి రెండు ముక్కలు రాశాడు, ఇంకా చెయ్యాల్సిన పని ఉందన్నాడు. అంతే, ఆ ఫోరంలో మళ్లీ రాయలేదు. ఆయన సొంత కాయిన్లని అందరూ అనుకునేవి కదలకుండా అట్లనే ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు, ఎవరూ ముట్టలేరు.

ఇంజనీరు ఆ మాట చెప్పినప్పుడు నాకు మా బోర్డే గుర్తొచ్చింది. ఒకసారి మా గనిలో షిఫ్టు దిగాక బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలింది. ఫోన్లు చేశాం, మనుషుల్ని దింపాం, రెండు గంటలు అందరం ఆ బిళ్ళనే చూస్తూ నిలబడ్డాం. ఎవరూ మాట్లాడలేదు. చివరికి తేలింది, ఆ మహానుభావుడు ఇంకో దారిన పైకొచ్చి, తలలైటుతో సహా ఇంటికి పోయి, కోడికూర తిని పడుకున్నాడు. తిట్టడానికి పోయిన ఓవర్‌మన్, అంటే షిఫ్టు పెద్ద, ఆయన్ను పట్టుకుని ఏడ్చాడు. ఈ కనిపెట్టినాయన కూడా అట్లా ఎక్కడో పడుకుని ఉంటే బాగుండు అనుకున్నాను. ప్రపంచమంత బోర్డు, దాని మీద ఒక్క బిళ్ళ. ఇన్నేళ్లయింది, ఇప్పటికీ అట్లనే వేలాడుతుంది.

కొన్నాళ్లకే ఇంజనీరుకు బదిలీ ఆర్డరొచ్చింది. సామాను లారీకెక్కింది, మోడెం అట్టపెట్టెలోకి పోయింది. ఇక నేను ఆ ఫోరానికి పోలేను. అంటే నా షిఫ్టు అయిపోయినట్టే కదా. కనిపెట్టినాయన లైటు ఇయ్యకుండా పోయాడు, కనీసం నా బిళ్ళైనా బోర్డు మీద మిగలొద్దనిపించింది. ఇంజనీరు వద్దన్నాడు. "ఉంచుకోండి మాష్టారూ, ఎక్కడికి పోతాయి?" అన్నాడు. నేను వినలేదు. డ్యూటీ దిగుతున్నాను, దయచేసి వీటిని వాపసు తీసుకుని ముట్టినట్టు రాసివ్వగలరు అని పంపినాయనకు రాసి, అన్నీ తిరిగి పంపించేశాను.

ఆయన జవాబు ఇంజనీరు అచ్చు తీసిచ్చాడు. ఇక్కడ నన్ను అడిగినవాళ్లున్నారు, ముంచినవాళ్లున్నారు, తిరిగిచ్చినవాడివి నువ్వొక్కడివే అని రాశాడు. కింద ఇంకో వాక్యం: "నీ లైటు ముట్టింది. నువ్వు క్షేమంగా పైకొచ్చావని పుస్తకంలో రాసుకున్నాను." ఆ కాగితాన్ని లామినేషన్ చేయించుకున్నాను. ఇరవై రూపాయలు. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన పెట్టుబడి అదే.

తర్వాత రేటు పెరిగింది. పేపర్లో పడింది, టీవీలో వచ్చింది. మా బావ ఊరుకుంటాడా? బావంటే మా అక్క భర్త, నాకన్నా ఐదారేళ్లు పెద్ద, ఆయనా మా గని మనిషే. ఏ పెళ్లయినా, ఏ పుట్టువెంట్రుకలైనా, నలుగురు కూడితే చాలు, నా కథ విప్పేవాడు.

"మా బామ్మర్దిని చూసిన్రా? కోట్లు ఇంటికొస్తే, తప్పు అడ్రసుకొచ్చినవ్ బిడ్డా అని బస్సెక్కించి పంపినోడు."

"బావా, అప్పుడు కోట్లు కాదది..."

"ఆఁ, చిల్లరే. చిల్లర గూడ వాపసిచ్చిన కండక్టర్ వీడొక్కడే."

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. మా ఇంటామె మాత్రం నవ్వేది కాదు.

బావ రిటైరైనప్పుడు అసలు కథ వచ్చింది. సెంటినరీ కాలనీలో వాళ్లుండే కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వచ్చిన డబ్బుతో ఒక ఇల్లు, అక్క ముప్పై ఏళ్లుగా అడుగుతున్నది అదొక్కటే. వంటింట్లో కిటికీ తూర్పుకుండాలని కాగితం మీద గీసి కూడా పెట్టుకుంది. అట్లాంటి సమయంలో బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, జల్ది ఫంక్షన్ హాలుకు రా. కొత్త కాయిన్ వచ్చింది. ఈసారన్న వాపసియ్యకు."

పోయాను. తివాచీ పరిచారు, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి పోవాలి. స్టేజీ మీద కోటు తొడుక్కున్న మనిషి, వెనక తెర మీద ఆకాశంలోకి పోతున్న రాకెట్టు. ఒక్కొక్కరు ఇద్దర్ని చేర్పిస్తే ఎంతొస్తుందో చెప్తున్నాడు. కుర్చీల నిండా నాకు తెలిసిన మొహాలే, నా కిటికీ ముందు లైను కట్టిన మొహాలు. బావ చెక్కు రాసి, ఫారంతో సహా అప్పటికే వాళ్ల బల్ల మీద పెట్టేశాడు. రిటైర్మెంటు డబ్బంతా.

"అక్కకు చెప్పినవా?"

"ఇల్లు రెండంతస్తులు కట్టినంక చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆ పాత ఫోరం నాకు నేర్పింది ఒకటే ముక్క. అదే పట్టుకుని లేచి నిలబడ్డాను.

"సార్, ఒక్క డౌటు. మీ కాయిన్ల బోర్డు ఏడుంటది?"

"మా బోర్డు మీటింగులు దుబాయ్‌లో జరుగుతాయి సార్."

"ఆ బోర్డు కాదు. ఎవరి కాయిన్ ఎవరికి పోయిందో అందరికీ కనబడే బోర్డు."

"మీది మీకు యాప్‌లో కనబడుతుంది సార్."

"పక్కాయనది?"

"అది సీక్రెట్ సార్. మా దగ్గర సేఫ్‌గా ఉంటుంది."

"అంటే ఎవరు కిందున్నరో, ఎవరు పైకొచ్చిన్రో మీకొక్కరికే తెలుస్తది. మరి ఇయ్యాల దిగినోడు రేపు పైకి రావచ్చునా?"

"మూడేళ్లు లాక్ ఉంటుంది సార్."

వెనక వరసలోంచి ఎవరో అన్నారు: "మూడేండ్లు కిందనే ఉంటే, ఇంటోళ్లు గని మీద లొల్లి పెడ్తరు గదనే!"

హాలంతా నవ్వు. ఆ నవ్వు ఆగాక వచ్చిన నిశ్శబ్దం నాకు తెలుసు. ఒక్క బిళ్ళ మిగిలినప్పుడు వచ్చే నిశ్శబ్దమే. బావ మొహం చూశాను. ముప్పై ఏళ్లు నాకు బిళ్ళ ఇచ్చి లైటు పుచ్చుకున్న మనిషి. మెల్లగా లేచి బల్ల దగ్గరికి పోయాడు.

"తమ్మీ, చెక్కు మీద సంతకం వంకర పడ్డది. ఓసారి ఇయ్యి, సక్కగ పెడ్త."

చేతికి రాగానే జేబులో పెట్టుకుని, వంటవాళ్ల దారిన వెనక గేటు గుండా బయటపడ్డాడు. వెనకాలే నేను. షేర్ ఆటో ఎక్కాక చూసుకుంటే ఆయన కాళ్లకు చెప్పులు లేవు. నావీ లేవు. తెచ్చుకోవడానికి ఇద్దరికీ ధైర్యం లేదు.

ఆటో దిగేముందు అన్నాడు: "బామ్మర్దీ, మీ అక్కకు చెప్పకు."

"చెప్ప."

చెప్పలేదు. గుడి దగ్గర చెప్పులు పోయాయని ఇంట్లో చెప్పాడట. కొన్ని నెలలకు ఆ కోటు మనిషి ఆఫీసుకు తాళం పడింది. పోగొట్టుకున్నవాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నా కిటికీ దగ్గరికొస్తారు, వాళ్ల బిళ్ళ తగిలించాక కొక్కెం ఇంకోసారి చూసుకుంటాను.

మొన్న అక్క కొత్తింట్లో పాలు పొంగించారు. వంటింటి కిటికీ తూర్పుకే ఉంది. భోజనాల దగ్గర ఎవరో బావను కదిలించారు, ఆ వాపస్ ముచ్చట చెప్పుమని. బావ అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు.

"మా బామ్మర్దిని చూసిన్రా..."

నేను కుర్చీ గుంజుకుని సరిగ్గా ఆయన ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

"చెప్పు బావా. అక్కా, నువ్వు గూడ రా, బావ కాయిన్ల ముచ్చట చెప్తున్నడు. ఈసారి మొదటికెల్లి వద్దు బావా, చెప్పులు పోయిన కాడికెల్లి చెప్పు."

అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "చెప్పులా? గుళ్ల పోయినయన్నడు గద?"

బావ నన్ను చూశాడు, అక్కను చూశాడు, విస్తరి వైపు చూశాడు.

"ముందుగాల తినుర్రి," అన్నాడు. "అన్నం సల్లారుతది."

నేను ఇంకో బూరె వేయించుకున్నాను.