చేతి తొడుగుల పెట్టెలో పట్టే ట్యాంకు

జూన్ చివర్లో, సన్నటి వానలో, నా ఆఖరి పోస్టింగులో దిగాను. భుజాన కిట్ బ్యాగు, చేతిలో నల్ల ట్రంకు పెట్టె. ఎదురుగా నల్లరేగడి మైదానం, చుట్టూ ముళ్లతీగ, దూరంగా పటాన్‌చెరు వైపు పొగగొట్టాలు. ఎడారిలో చేశాను, మంచులో చేశాను. చివరికి సైన్యం నన్ను మా ఊరు కర్దనూర్‌కు బస్సులో గంట దూరంలో దించింది. "ఏ బార్డర్ల చేసినవే?" అని ఊళ్లో ఎవరడిగినా ముందు ఈ పోస్టింగు సంగతే చెబుతాను. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అయినా చెప్పడం మానను.

పని ఒక్కటే. కొత్త సైనిక వాహనాలను బురదలో, గుంటల్లో, నీళ్లలో నడిపి చూడడం. చక్రాలకు బదులు ఇనుప గొలుసు పట్టాలతో నడిచే బండ్లు అవి. నీటి మీద తేలతాయి కూడా. నేను డ్రైవర్ని. గన్నర్ పంజాబీ, ఆరడుగుల మనిషి, వచ్చీరాని తెలుగు. వైర్‌లెస్ ఆపరేటర్‌ది సదాశివపేట. నమాజు వేళ తప్పేవాడు కాదు, మాట్లాడడం ఆపేవాడూ కాదు. మా పైన మేజర్ సాబ్. పొద్దున ఆరింటికి ఇంజన్లు మొదలు. వాన పడితే పరీక్షలు బంద్. ఆ ఏడాది వాన వదల్లేదు.

రేకుల షెడ్డులో కూర్చుని విసుగెత్తిన ఒక మధ్యాహ్నం ఆపరేటర్ తన పెట్టెలోంచి ప్లాస్టిక్ ముక్కలు తీశాడు. విమానంలోంచి పారాచూట్‌తో దించే చిన్న ట్యాంకు నమూనా. అసలు దానిలో ముప్పై అయిదో వంతు. ఏదో పరాయి దేశపు పాత బండి, మన సైన్యంలో ఎన్నడూ లేదు.

"అన్నా, గిది మన దగ్గర ఉంటే ఎట్ల ఉండేది? జెర సోంచాయించు," అన్నాడు.

ఇక అదే మా పని అయింది. నియమం కూడా అతనే పెట్టాడు. సుల్తాన్‌పూర్‌లో వైద్య సామగ్రి కంపెనీలో పనిచేసే మా చెల్లె, డాక్టర్లు వేసుకునే చేతి తొడుగుల పెట్టెలో నాకు మక్కగారెలు పంపింది. గారెలు అయిపోయాక ఆపరేటర్ ఖాళీ పెట్టెను స్కేలుతో కొలిచాడు.

"విమానం కడుపు గింతనే. గీ పెట్టెల పట్టనిది క్యాన్సల్."

గన్నర్ పెద్ద ఫిరంగి పెట్టాడు, బాల్‌పెన్ రీఫిల్‌తో. అది పెట్టె బయటికి బెత్తెడు పొడుచుకొచ్చింది. క్యాన్సల్. మర్నాడు వెనక్కి ముడుచుకునే ఫిరంగితో వచ్చాడు. అది పట్టింది. ఆపరేటర్ ఎత్తయిన ఏరియల్‌తో కమాండు బండి చేశాడు. ఆ తర్వాత వాగుల మీద వంతెన పరిచే బండి, ఇసుక రంగు ఎడారి బండి. అన్నిటి మీదా మన సైన్యం గుర్తులు చేత్తో గీశాం. ఎక్కడా లేని ట్యాంకులకు పటాలం నంబర్లు కూడా ఇచ్చాం.

నేను అంబులెన్సు చేస్తానన్నాను.

"తుపాకీ లేని ట్యాంకులో గన్నర్ ఏం చేస్తాడు ఉస్తాద్, టీ కాస్తాడా?" గన్నర్ హిందీలో వెక్కిరించాడు.

కష్టం వేరే వచ్చింది. లోపల మేము రోజూ నడిపే బండి కొలతలే పెట్టాను, నాకు తెలిసినవి అవే. వెనుక గదిలో ప్లాస్టిక్ సైనికుణ్ణి పడుకోబెడితే కాళ్లు తలుపులోంచి బయటికి వచ్చాయి. కూర్చోబెడదామన్నాడు ఆపరేటర్. నేను ఒప్పుకోలేదు. దెబ్బ తగిలినవాణ్ణి కాళ్లు ముడిచి కూరి మోయడం మంచులో చూశాను, మళ్లీ చూడదలచుకోలేదు. చాలాసేపు వాదించుకున్నాక దారి దొరికింది. ఎడమ వరుస సీట్లు తీసేయాలి. డ్రైవర్ వెనుక ఉన్న సామాను పెట్టె తీసేయాలి. మనిషిని కొంచెం ఏటవాలుగా జరపాలి. కుడి పక్కన ఒకరు కూర్చోవచ్చు. గన్నర్ బొటనవేలితో తలుపు నొక్కాడు. మూసుకుంది.

ఆగస్టులో రాత్రంతా కురిసి తెల్లారినా తెరిపి ఇవ్వని రోజు, మేజర్ సాబ్ తడిసిన రెయిన్‌కోటుతో షెడ్డులోకి వచ్చారు. వాగు రోడ్డు మీదికి వచ్చింది. అవతల కార్మికులు కిరాయికుండే గదులు. ఒకామెను పాము కరిచింది. రక్షణ పడవలు వేరే ఊళ్లో ఉన్నాయి. ఇవతల అంబులెన్సు వచ్చి ఆగి ఉంది.

"ఒక బండి. మీరు ముగ్గురు. ఆమె కదలకుండా రావాలి."

"ఎడమ వరుస," అన్నాను గన్నర్‌తో.

"తెలుసు ఉస్తాద్." పానా అప్పటికే అతని చేతిలో ఉంది.

ఇంజన్ వేడెక్కేలోగా సీట్లు, సామాను పెట్టె షెడ్డు నేల మీద ఉన్నాయి.

వాగు ఎర్రగా, వేగంగా ఉంది. బండి నేల వదిలి తేలగానే ప్రవాహం పక్కకు తోసింది. ఆపరేటర్ పైన నిలబడి హెడ్‌సెట్‌లో చెబుతున్నాడు.

"డ్రైవర్, ఎడమ. ఇంక ఎడమ. కరెంటు స్తంభమున్నది."

"కనబడ్డది."

"నీలం డ్రమ్ము వస్తున్నది. పోనీయ్. ఇప్పుడు సీదా."

పట్టాలకు మళ్లీ నేల తగిలింది.

ఆమె పేరు యాదమ్మ. ఆ గదుల్లో ఉండేవాళ్లకు వంట చేసి పెట్టే మనిషి. నీళ్లతో పాటు కట్టెల్లోకి వచ్చిన పాము కాలి మడమ దగ్గర కరిచింది. కాలికి చెక్క కట్టి, తలుపు రెక్క మీద పడుకోబెట్టి తెచ్చారు. మొహం పాలిపోయింది, మాట మాత్రం గట్టిగానే ఉంది.

"పొయ్యి మీద అన్నమున్నది, సూడుండ్రి," అని అందరికీ చెబుతోంది. ఆమె భర్త మల్లయ్య తలుపు రెక్క అంచు వదలకుండా పట్టుకున్నాడు. లోపలికి జరిపాం. సరిగ్గా పట్టింది. గన్నర్ పక్కన కూర్చున్నాడు, మల్లయ్యను పైన ఆపరేటర్ పట్టుకున్నాడు.

వెళ్లినప్పటికంటే నీళ్లు పెరిగాయి. బండి ఊగింది. వెనుక నుంచి గన్నర్ గొంతు వినిపించింది, "అమ్మా, కదల్ వద్దు."

"నేనేడ గదుల్తున్న బిడ్డా? నీ బండే గదులుతున్నది!"

ఆ వాగు మధ్యలో నాకు నవ్వొచ్చింది.

ఇవతల ఆగి ఉన్న అంబులెన్సులో సంగారెడ్డి తీసుకెళ్లి మందు ఎక్కించారు. వేళకు తెచ్చారన్నారట డాక్టర్లు. యాదమ్మ కోలుకుని ఇంటికి వచ్చాక మల్లయ్య టిఫిన్ క్యారియర్ పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చాడు. జొన్నరొట్టెలు, మటన్ కూర.

"బండ్ల పక్కన గూసున్న పొడుగు సారుకు ఎక్కువ పెట్టుమన్నది," అన్నాడు. గన్నర్ ఆ మాటను కచ్చితంగా అమలు చేశాడు.

పోస్టింగు ముగిసింది. నేను ఊరికి వచ్చాను, పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో బండ్ల బాధ్యత చూస్తున్నాను. ఆపరేటర్ కూడా పింఛనుతో వచ్చేసి వెలిమెలలో కొత్త ఫ్లాట్లలో ఉంటున్నాడు. ఆదివారాలు అతని బాల్కనీలో ప్లాస్టిక్ ముక్కలు ముందేసుకుని కూర్చుంటాం. మొన్న ఫ్యాక్టరీ మంటలు ఆర్పే బండి చేశాం. చూడ్డానికి వచ్చినవాళ్లు అడుగుతారు, "ఇవి ఏ యుద్ధంల వాడిన్రు?"

"ఏ యుద్ధంల లేవు," అంటాడు ఆపరేటర్ తృప్తిగా. "ఉంటే గిట్ల ఉంటుండె."

ఆ రోజు యాదమ్మను అంబులెన్సుకు అప్పగించాక వాగు ఒడ్డున బండిని వెనక్కి తిప్పాను. తల బయటికి పెట్టి అవతలి ఒడ్డు చూశాను. గదుల డాబా నిండా మనుషులు. నీలం, నారింజ, బూడిద రంగు కంపెనీ చొక్కాలు, తడిసి ఒంటికి అంటుకుని ఉన్నాయి. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నా చెవుల్లో ఇంజన్ హోరు తప్ప ఏమీ లేదు. వానలో ఆ చేతులన్నీ చప్పుడు లేకుండా కలుస్తూ, విడిపోతూ ఉన్నాయి. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే అవే చేతులు.