బీబమ్మ చూసిన వాపు

ఇన్నేళ్ళూ నన్ను మెచ్చుకున్న ప్రతి మాటా నా మెడ మీద తడిసిన ధాన్యం బస్తాలా కూర్చుంది. దించుకుందామనే ఇది చెప్పి రాయిస్తున్నాను. నాకు వచ్చింది సంతకం వరకే.

ఉప్పెనలో మా ఆయన పోయాడు. మరుసటేడు దివిసీమలో మా ఊరికి నన్ను ఆరోగ్య కార్యకర్తగా పెట్టి మందుల సంచీ ఇచ్చారు. కడుపుతో ఉన్నవాళ్ళకి చేతులూ ముఖమూ వాచి తలనొప్పి వస్తే బీపీ కావచ్చు, వెంటనే పంపాలని శిక్షణలో డాక్టరమ్మ చెప్పింది. విన్నాను. విన్నానా? సంచీ చూసుకుని మురుస్తూ కూర్చున్నానేమో.

పక్కింటి కోడలు సుబ్బులుకి ఎనిమిదో నెల. కాళ్ళు వాచాయి, తల పగిలిపోతోంది పిన్నీ అంది. నీరు పడితే మంచిదేలే, కాన్పు తేలిక అనేశాను. మా అమ్మ అనే మాటే.

ఆ వారమే దాని సీమంతం. విధవని కదా, వసారా చివర నిలబడ్డాను. బందరు నుంచి వచ్చిన గాజుల బీబమ్మ సుబ్బులుకి తొడుగుతూ తొడుగుతూ ఆపి, లేచి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, పోయిన నెల వేసిన కొలతే ఇది. ఇవాళ బొటనవేలు దాటట్లేదు. మొహం కూడా ఉబ్బింది. ఆసుపత్రికి తీసుకెళ్ళు."

"గాజులమ్ముకో బీబమ్మా. నాకు వైద్యం చెప్తావా?"

"చేతులు పట్టుకునే బతుకు నాది. చేతుల సంగతి నాకు తెలీదా? మీరు బండి కట్టేదాకా ఈ గంప ఎత్తను, పో."

పేరంటాళ్ళు ఏమిటని ఇటు తిరిగారు. గాజులమ్మి చెబితే గానీ నాకు తెలియలేదంటే నా పరువేం కాను? పిల్లని బందరు తీసుకెళ్ళాలని నేనే గట్టిగా అరిచాను.

అక్కడ బీపీ చాలా ఎక్కువగా ఉందన్నారు. ఇంకో రోజు ఆగితే తల్లీబిడ్డా దక్కేవాళ్ళు కాదన్నారు. ఎవరు కనిపెట్టారని డాక్టరు అడిగితే సుబ్బులు అత్తగారు నన్ను చూపించింది. నేను తల వంచుకున్నాను. అదే నా అబద్ధం. అందులో ఒక్క మాట కూడా లేదు.

ఆడపిల్ల పుట్టింది. విధవ పేరు ఎవరన్నా పెట్టుకుంటారా? వాళ్ళు నా పేరే పెట్టారు. బీబమ్మ వచ్చి బిడ్డకి నల్లగాజులు తొడిగింది. అందరూ నన్ను పొగుడుతుంటే నా వంక చూసి నవ్వి, గంప ఎత్తుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆమె లేదు.

ఆ తర్వాత ఏ గర్భిణిని చూసినా ముందు గాజులు కదిపి చూసేదాన్ని. బిగుసుకుంటే బందరు పంపేదాన్ని. వాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని ఎదురొస్తే కడుపు నిండినట్టుంటుంది. ఆ తెలివి కూడా బీబమ్మదే కదా?

ఇది రాస్తున్నది నా పేరున్న ఆ పిల్లే. బీబమ్మ మాట దగ్గర దాని కలం ఆగింది.

"నిజమా అమ్మమ్మా?"

"నిజమే. రాయవే."

తలెత్తకుండా రాస్తోంది. దాని చేతి గాజులు వదులుగా గలగలమంటున్నాయి. ఏమనుకుంటోందో అడగను. చెప్పేశాను.