వినేవాళ్లలో ఒకడు

ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడాల్సి వస్తే మహీధర్ ముందు వినేవాళ్ల తీరు ఆరా తీస్తాడు. లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచీ, ఈ పరాయిదేశంలో సిటీవెస్ట్ అనే పేటలో తాముండే ఫ్లాట్‌లోని వంటింటి బల్లే అతని ఆఫీసు. మేనేజర్ ఈఫాకి అంకెలు ముందు చెప్పాలి. డెక్లాన్‌కి బొమ్మలు చూపిస్తే చాలు. ఈ దేశపు అలవాటుగా మొదట కాసేపు వాన గురించి మాట్లాడకపోతే ఇద్దరికీ తోచదు. ఇవన్నీ గొణుక్కుంటూ, మెడదాకా బొత్తాలు పెట్టిన చొక్కాతో, కింద గళ్ల లుంగీతో కూర్చుంటాడు. అదే టీమ్‌లోని గిరీష్ ఇవేవీ చేయడు. మహీధర్ కన్నా రెండేళ్లు ఆలస్యంగా చేరినవాడు. నోటికొచ్చింది చెబుతాడు, అందరూ నవ్వుతారు, ఈఫా "గ్రాండ్, గిరీష్!" అని మెచ్చుకుంటుంది. అది విన్న ప్రతిసారీ మహీధర్ కుడిచెవి తమ్మె నలుపుకుంటాడు. చెవి ఎర్రబడి కనిపిస్తే భార్య మైథిలి ఏమీ అడగకుండా టీ పెడుతుంది.

ఆ గురువారం మహీధర్ ఎక్కడా తడబడకుండా చెప్పాడు. ఈఫా "బ్రిలియంట్!" అంది. డెక్లాన్ చప్పట్లు కొట్టాడు. అయినా లాప్‌టాప్ మూసేసరికి అతని చెవి కందిపోయి ఉంది.

"అదేంటి, అందరూ మెచ్చుకున్నారుగా? నేనూ విన్నా," అంది మైథిలి.

"మెచ్చుకున్నార్లే. ఆ గిరీష్‌గాడు మొదటి నుంచీ కెమెరా ఆపేసుకుని కూర్చున్నాడు! వాడి మొహం ఎలా మాడిపోతుందో చూద్దామనుకుంటే..."

ఇంతలో ఫోన్ మోగింది. గిరీష్ మెసేజ్: "అన్నా, అదరగొట్టేశావ్! నెట్ స్లోగా ఉంది, నీ మాట ఆగిపోకూడదని కెమెరా ఆపేశా."

మహీధర్ అది రెండుసార్లు చదివాడు. తర్వాత గుంజీలు తీయబోయేవాడిలా ఎడమచెవి పట్టుకున్నాడు.