అన్ని రోగాలకూ ఫార్మాట్ ఒక్కటే మందా?

కంప్యూటరు బాగుచేస్తామని బోర్డు కట్టుకున్న ఏ దుకాణానికి వెళ్లినా వినిపించే మాట ఒక్కటే: ఫార్మాట్. యంత్రం మందగిస్తే ఫార్మాట్. ప్రింటరు పలకకపోతే ఫార్మాట్. తెర మీద గడియారం తప్పు చూపినా ఫార్మాటే. నాడి పట్టకుండా, నాలుక చూడకుండా, ఏమి తిన్నావని అడగకుండా, వచ్చిన ప్రతివాని గొంతులోనూ ఒకే కషాయం పోసే వైద్యుని మనం ఊరిలో ఉండనిస్తామా? వీరిని మాత్రం ఉండనిస్తున్నాము. పైగా వారి ముందర చేతులు కట్టుకొని నిలుచుంటున్నాము.

ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలిసినది నల్లగొండలో మా పొరుగింటి విశ్రాంత గుమాస్తా వలన. కంప్యూటరు నెమ్మదించిందని దుకాణంలో ఇచ్చి, కూతురి పెండ్లి ఫొటోలు లేని కంప్యూటరును ఇంటికి తెచ్చుకున్నాడాయన. అడగబోతే, “గంత ముఖ్యమైనయి డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటరా సార్ ఎవరన్న?” అని ఆయననే మందలించారట! సామాన్యుడు తనకు ప్రియమైనదానిని కండ్ల ముందరనే పెట్టుకుంటాడు. తెర వెలగగానే కనబడే చోటే భద్రమని నమ్ముతాడు. ఫార్మాట్ చేసినప్పుడు ముందుగా తుడిచిపెట్టుకుపోయేది ఆ చోటేనని చెప్పవలసినవారు చెప్పరు. పోయిన తరువాత మాత్రం బుద్ధులు చెబుతారు.

నేను కండ్ల ముందర పెట్టుకున్నది మా అక్క గొంతు.

మాది నేత కుటుంబం. నేను తెలుగు పండితునిగా బడిలో పనిచేసి విశ్రాంతి పొందాను. అక్క కేతేపల్లి దాపున ఒక పల్లెలో, ఒంట్లో శక్తి ఉన్నంతకాలం మగ్గం వదలలేదు. తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు నూలు సాగదీస్తూ ఆమె పాడే పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. వాటిని సెల్‌ఫోనులో పట్టుకున్నాను. పాటకూ పాటకూ నడుమ నాకు పడ్డ తిట్లు కూడా అందులో ఉన్నాయి. “తమ్మీ, గా డబ్బ నా మూతికాడ పెట్టకు! పోగు తెగితే నువ్వు అతుకుతవా? సదువుకున్నోనివి, జర అవతలికి జరుగు.” అక్క పోయింది. తరువాత ఆ ఫోనూ పాడైంది. అప్పటికే కంప్యూటరులోకి మార్చి ఉంచిన నకలు ఒక్కటే మిగిలింది.

ఆ కంప్యూటరు ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలుపెట్టింది. వెలిగించిన కాసేపటికి, చెప్పాపెట్టకుండా, దీపం ఊదినట్టు ఆరిపోయేది. పాటలనైనా పెన్‌డ్రైవులోకి తీసుకుందామని కూర్చుంటే సగంలోనే తెర నల్లబడేది. మళ్లీ వెలిగిస్తే ఇంకా త్వరగా ఆరిపోయేది. ఆ యంత్రాన్ని ఆటోలో దుకాణానికి తీసుకుపోయాను.

అక్కడ అది నిక్షేపంగా పనిచేసింది! దుకాణదారు ఒక చాయ తాగేంతసేపు చూసి, పెదవి విరిచాడు.

“మంచిగనే నడుస్తాంది గద సార్. సాఫ్ట్‌వేర్ ఖరాబైనట్టుంది. ఫార్మాట్ కొడ్దాం, ఫికర్ జెయ్యకుండ్రి.”

“ఇక్కడ నడిచేది ఇంటికాడ ఎందుకు ఆరిపోతున్నది?”

“కంప్యూటర్లు గంతే సార్.”

“దీంట్ల మా అక్క పాటలున్నయి. ముందు అవి తీసి నా చేతిల పెట్టు.”

“గదంత టైం పడుతది. డాటా పోతే మా జిమ్మేదారి కాదని సంతకం జేసి పోండి, మాపటికి తయారుంటది.”

నా ఒళ్లు భగ్గుమన్నది. పెట్టె మూత విప్పలేదు. ఇంటిలో దానిని ఎక్కడ పెట్టారు, ఎట్లా వాడుతున్నారు అని ఒక్క ప్రశ్న లేదు. చెరిపివేతకు మాత్రం నా సంతకం కావాలి! “నా అక్కను రెండోసారి సాగనంపడానికి సంతకం పెట్టను” అని యంత్రాన్ని వెనక్కి తెచ్చుకున్నాను.

దుకాణంలో నడిచినది ఇంటిలో ఆరిపోతున్నదంటే దోషం ఇంటిలోనే ఉండాలి కదా అని దారి పొడుగునా ఆలోచించాను. ఇంటికి చేరి తీగలు తగిలించానో లేదో, నా భార్య నేత చీర మడతను తెచ్చి ఎప్పటివలెనే పెట్టె మీద కప్పింది. ఆమె ఇప్పటికీ నేస్తుంది. మగ్గమూ కంప్యూటరూ ఒకే గదిలో ఉన్నాయి. నేతవారి ఇండ్లలో విలువైన వస్తువును బట్ట కప్పకుండా ఉంచరు. మగ్గం మీది బట్టనైనా పని ఆపగానే కప్పవలసిందే. కంప్యూటరుకూ ఆ మర్యాదే జరుగుతున్నది. అది పనిచేస్తున్నప్పుడు సైతం తెరను మాత్రం వదిలి, పెట్టెనంతా చుట్టి ఉంచుతుంది.

యంత్రాన్ని వెలిగించి, కాసేపు ఆగి ఆ బట్ట మీద చేయి పెట్టాను. పొయ్యి మీది పెనం అంత వేడి.

“తియ్యకయ్యా గా గుడ్డ! నూగు పడుతది” అన్నది మగ్గం గుంటలో నుంచి.

“నూగు ఎప్పుడో పడ్డది. ఊపిరాడక సస్తాంది ఇది.”

“పెట్టెకు ఊపిరేంది? పంతులు మాటలు!”

ప్లగ్గు పీకి, చల్లారనిచ్చి, పక్క రేకు మరలు విప్పాను. లోపల గాలి పంకా కనబడలేదు. దాని చోట నూలు నూగు ముద్దగట్టి ఉన్నది. అడుగున నీలం, దాని మీద కుంకుమరంగు, ఆపైన ఆకుపచ్చ. ఆమె ఏ చీర తరువాత ఏ చీర నేసిందో వరుస తప్పకుండా అక్కడ పేరుకున్నది. ఆమె లేచి వచ్చి చూసి, నోట చేయి పెట్టుకున్నది.

“అయ్యో, గిది నా పోయిన దసరా చీర రంగు!”

పంకా తిరగకుండా వేలితో ఆపి, పొడి కుంచెతో నూగంతా రాల్చాను. బట్ట కప్పకుండా వెలిగించాను. ఆరిపోలేదు. పాటలన్నీ పెన్‌డ్రైవులోకి చేరేవరకు ఇద్దరమూ తెర ముందే కూర్చున్నాము. చివరి పాట చేరిన తరువాత తెరచి వింటే, అక్క ముందుగా నన్ను తిట్టి, ఆ పిమ్మటనే పాట ఎత్తుకున్నది.

సంతోషించి ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాను. ఆ నూగు ముద్దను కాగితంలో చుట్టి మరునాడు దుకాణానికి వెళ్లి అతని బల్ల మీద పెట్టాను.

“ఇదేంది సార్?”

“నువ్వు ఖరాబైందన్న సాఫ్ట్‌వేర్.”

అతడు కాగితం విప్పి చూసి నవ్వేశాడు. “ఇంట్ల మగ్గమున్నదని మీరు చెప్పలే గద.”

“నువ్వు అడిగినవా?”

అతడు నన్ను వదిలి, పక్కన తన కంప్యూటరుతో నిలుచున్న ఒకామె వైపు తిరిగి, “ఫార్మాట్ కొడ్తనమ్మా, సంతకం పెట్టుండ్రి” అన్నాడు. నా కండ్ల ముందరనే!

“అమ్మా, దాంట్ల నీయి ఏమున్నయి?” అని నేను అడిగాను.

“పిల్లగాని చిన్నప్పటి ఫొటోలు సార్.”

“ఇంకెక్కడన్న ఉన్నయా?”

ఆమె అతని వైపు చూసింది, నా వైపు చూసింది. కలం బల్ల మీదనే వదిలి, రెండు చేతులతో ఆ పెట్టెను తన వైపుకు లాక్కున్నది.