ఎదుటి హోటల్ ఇడ్లీలూ, నా వ్యాపార వ్యూహమూ

హోటల్ని ముంచడానికి లోకంలో చాలా దారులున్నాయి. పచ్చడి పులిసి మునిగినవున్నాయి, పొయ్యి అంటుకుని మునిగినవున్నాయి. మా పెద్దమ్మ హోటల్ని నేను ఇడ్లీలు తిని ముంచబోయాను. ఆవిడ దగ్గర తిని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఎదుటి హోటల్లో తిన్నాను.

అరవైల చివరి మాట. వాల్తేరులో యూనివర్సిటీ చదువు, ఎం.కాం. మొదటి ఏడు. దసరా సెలవులిస్తూ మా లెక్చరర్‌గారు, "ఏదో ఒక వ్యాపారం ఎంచుకోండి. దాని పోటీదారుని బాగా దగ్గర్నుంచి గమనించండి. బలమేమిటో బలహీనతేమిటో రాసుకురండి. వ్యూహానికి అదే పునాది" అన్నారు. దగ్గర్నుంచి అన్నారు గదా అని నేను మరీ దగ్గరికి వెళ్ళాను.

విజయనగరం స్టేషన్ దారిలో మా పెద్దమ్మ అప్పలనరసమ్మది చిన్న టిఫిన్ హోటలు. పెదనాన్న పోయాక ఆ ఒక్క పొయ్యి మీదే ఇల్లు నడిపింది, నన్నూ చదివిస్తోంది. ఆ పొయ్యి ఆరితే నా చదువూ ఆరినట్టే. రోడ్డుకి అవతల పైడమ్మగారి హోటలు. ఇద్దరూ ఇడ్లీలే వేస్తారు. ఇంతకంటే మంచి పోటీ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

"పెద్దమ్మా, పైడమ్మగారి బలమేమిటంటావు?" అని అడిగాను, నోటుపుస్తకం తెరిచి.

"దాని మొగుడు మంచోడు. పిండి రుబ్బిపెడతాడు."

"బలహీనత?"

"దానికి మోకాలి నొప్పిరా. ఏం, మందేటైనా తెచ్చేవా?"

చదువులేని మనిషి, వ్యూహం ఏం తెలుస్తుందిలే అని జాలిపడ్డాను. సర్వేకి వెళ్తున్నానని చెప్పి మర్నాడు పొద్దున్నే రోడ్డు దాటాను. పెద్దమ్మ వంటిల్లు వెనకవైపు. ఆవిడకి ఆవిరి తప్ప వీధి కనపడదు.

పైడమ్మగారు నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు అప్పలనర్సమ్మక్క సెల్లి కొడుకువి కావా?"

గూఢచారికి అబద్ధం రావాలి. నాకు రాలేదు. "అవునండి" అన్నాను.

"ఓలమ్మ, ఆ మూల కూకున్నావేటి బాబూ. ఇలా ముందు బల్ల మీదకి రా. గాలొస్తాది."

ముందు బల్ల అంటే వీధిలో కూర్చున్నట్టే. పైగా అడక్కుండా నెయ్యి వేసింది. "పోటీదారు వట్టి అమాయకురాలు" అని రాసుకున్నాను. పాఠకులు నవ్వకండి, ఇంకా ఉంది.

రోజూ ఆరు ఇడ్లీలు తిన్నాను. బల్లలెన్నో, గోడకి రంగేమిటో, గ్లాసులు కంచువో ఇత్తడివో అన్నీ రాశాను. నాలుగో రోజుకి అక్కడ జనం పెరిగారు. ఆరో రోజుకి నిలబడి తింటున్నారు. "పోటీదారు దగ్గర రద్దీ పెరుగుతోంది. కారణం అంతుపట్టలేదు. రేపు ఎనిమిది తిని చూడాలి" అని రాశాను.

ఇవతల పెద్దమ్మ వాయిలు మిగిలిపోతున్నాయి. "పప్పు మారిందేటో, నా సెయ్యి మారిందేటో" అని ఆవిడ దిగులుపడింది. తెల్లారకుండానే లేచి రెండోసారి పిండి రుబ్బుకుంది. నేనే ధైర్యం చెప్పాను, "నా సర్వే పూర్తవనీ, అంతా తెలుస్తుంది" అని.

పదో రోజున నిజంగానే తెలిసింది. ఇంటిదొంగని ఈశ్వరుడు పట్టలేడంటారు గానీ, పాలు పోసే అప్పన్న పట్టేశాడు.

"అమ్మా, వీదంతా ఏటంతన్నారో ఎరుగుదువా? పెంచుకున్న బిడ్డే రోడ్డు దాటెల్లి తింతన్నాడంటే, ఇక్కడి ఇడ్లీలో ఏదో తేడా ఉన్నాది అంతన్నారు."

పెద్దమ్మ నా వైపు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండును. "నా సేతి ఇడ్లీ సయించలేదా నాన్నా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. నోటుపుస్తకం చేతికిచ్చి, పాఠం మొత్తం ఏకరువు పెట్టాను. ఆవిడ అంతా విని, గొంతు తగ్గించి, "సరే గాని నిజం సెప్పు. దాని అల్లప్పచ్చడి బాగుంటాదా?" అంది.

"బాగుంటుంది పెద్దమ్మా."

"నానూ అదే విన్నాను. బెల్లం ఎంతేస్తాది? సింతపండు కొత్తదా పాతదా?"

"చూడలేదు."

"పది రోజులు తిని అది సూడలేదా? మరేటి రాసేవురా ఇందులో?"

"గోడ రంగు."

పెద్దమ్మ లోపలి బల్ల ఒకటి ఈడ్చుకొచ్చి వీధి గుమ్మంలో వేసింది. "కూకో" అంది. కూర్చున్నాను. "తిను" అంది. తిన్నాను. ఆపితే "నములు, అవతలోళ్ళకి కనపడాల" అనేది. సెలవుల్లో మిగిలిన ఎనిమిది రోజులూ పొద్దున్న ఆరు నుంచి పది దాకా నా ఉద్యోగం అదే. స్టేషన్ నుంచి వచ్చే జట్కావాళ్ళు ఆగి చూసేవాళ్ళు, చూసి లోపలికి వచ్చేవాళ్ళు. ఐదో రోజుకి వాయి మిగల్లేదు. నాకు మాత్రం లాగు బొత్తాం పట్టలేదు.

తిరుగు ప్రయాణం నాడు స్టేషన్లో రైలెక్కి కూర్చున్నాను. పైడమ్మగారు మోకాలు పట్టుకుని కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. తిడుతుందని తల లోపలికి లాక్కున్నాను. ఆవిడ ఒక పొట్లం చేతిలో పెట్టింది. అల్లప్పచ్చడి.

"బాబూ, ఏసంగి సెలవులకి ఏ బల్ల మీద కూకుంటావో ఇప్పుడే సెప్పేసెల్లు, మీ పెద్దమ్మకీ నాను సెప్తాను. ఆ లెక్కన పప్పు నానబోసుకుంటాం."

రైలు కదిలింది. ఉన్నింటి వాసాలు ఊడదీయబోయిన నేను, ఆ పచ్చడి పొట్లం మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ ఊళ్ళో ఏ హోటల్లో అడుగుపెట్టినా, చిట్టచివరి బల్ల మీద, గోడ వైపు తిరిగి, తలొంచుకుని తింటానని. నేటికీ తప్పలేదు. గోడ రంగు మాత్రం చూస్తూనే ఉన్నాను.