చంక కింద ముక్క

ఆ వీధిలో ఆవిడను అందరూ కుట్టుపిన్ని అంటారు. పెళ్ళిగౌను దగ్గర్నుంచి శవపేటిక లోపలి గుడ్డ దాకా ఆవిడ మిషను కింద నలగని బట్ట లేదు. మొగుడు పోయాక ఆ మిషనే ఇంటికి దిక్కయింది. నోరు మాత్రం కత్తెర కన్నా పదును. "పొట్ట లోపలికి పీల్చి కొలతిస్తే రేపు గుండీలు ఊడి నా మీద పడి ఏడుస్తాయి, మామూలుగా నిలబడండి" అని ఎంత పెద్దమనిషికైనా మొహం మీదే చెప్పేది.

అలాంటి పిన్ని, మైకు బ్రదర్ తెల్ల బట్ట పట్టుకొచ్చి నిలువుటంగీ కుట్టమన్నప్పుడు కిమ్మనలేదు. ఆ ఆదివారమే గురుపట్టాభిషేకం. బిషప్ గారి చేతుల మీదుగా ముగ్గురు కుర్రాళ్ళు గురువులు, అంటే ఫాదర్లు, అవుతున్నారు, అందులో ఇతనొకడు. సెమినరీలో ఆ చదువే చదువుతూ సెలవులకు వచ్చినప్పుడల్లా చర్చిలో మైకు వదిలేవాడు కాదు, అందుకే ఆ పేరు.

మూల కూర్చుని ఏదో గౌను అంచు కుడుతున్న పిల్లను చూసి, "మీ అమ్మాయా పిన్నీ? ఎప్పుడూ చూసినట్టే లేదే!" అన్నాడు.

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. చూసినట్టు లేదట! పిల్లకు చిన్నప్పటి నుంచీ నత్తి. అయినా ఇంట్లో వాగుడుకాయే. ఏళ్ళ కిందట ఒక ఆదివారం చర్చిలో వాక్యం ఎవరు చదువుతారని అడిగితే, అందరికన్నా ముందు చెయ్యెత్తింది. ముందుకెళ్ళి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. పక్కనున్న ఈ మహానుభావుడు మైకులో "దే... దే... దే..." అని ఆ పిల్ల గొంతుతోనే పలికి, "చెయ్యి దించమ్మా, నువ్వు చదివేసరికి పొద్దుగూకుతుంది" అన్నాడు. చర్చి అంతా పగలబడి నవ్వింది. అంతే, ఆ రోజు నుంచీ పిల్ల బయటివాళ్ళ ముందు నోరు విప్పలేదు. కొట్టుకెళ్తే వేలితో చూపించి సరుకు తెచ్చుకుంటుంది. మనుషులొస్తే వీపు తిప్పి కూర్చుంటుంది. దాని గొంతు నొక్కేసినవాడికి దాని మొహం కూడా గుర్తులేదు!

"చేతులెత్తండి" అనడం కొలత తీసేటప్పుడు పిన్నికి ఊపిరి తీసుకున్నంత అలవాటు. మైకు బ్రదర్‌తో మాత్రం అనలేదు. చేతులు దించి నిలబడ్డ మనిషికి ఎలా కుదురుతుందో అలాగే కొలిచింది. పెద్ద అంగీలకు చంక కింద చదరంగా చిన్న ముక్క వేస్తారు. అది ఉంటేనే చెయ్యి పైకి లేస్తుంది. పిన్ని ఆ ముక్క వెయ్యలేదు. చంక కిందికి దించి, బిగించి, రెండు వరసల కుట్టు లాగించింది. పట్టాభిషేకం అయ్యాక కొత్త గురువులు చేతులు రెండూ పైకెత్తి జనానికి తొలి దీవెన ఇవ్వాలి. "ఎత్తు నాయనా, ఎలా ఎత్తుతావో నేనూ చూస్తాను" అని మిషను తొక్కుతూ పళ్ళు నూరింది.

శనివారం అంగీ మడతపెడుతుంటే పిల్ల దాన్ని లాక్కుని, చంక తడిమి, తల్లి మొహంలోకి చూసింది. అయ్యో, దీనికి నా పని సిగ్గుగా ఉంది కాబోలు, నలుగురిలో మళ్ళీ తన సంగతి ఎత్తుతారని భయపడుతోంది కాబోలు అనుకుంది పిన్ని. పిల్ల కోసమే కదా ఈ కక్షంతా! అది వద్దంటే ఇంకెవరి కోసం? కుట్లు విప్పి, రెండు చంకల్లోనూ ముక్కలు వేసింది. విషం మింగినట్టుంది ఆవిడకు. ఇస్త్రీ చేసి పొద్దున్నే చర్చిలో ఇచ్చి రమ్మని పిల్లకప్పగించి, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం చర్చి కిటకిటలాడిపోయింది. పాటలు, పూలు, బిషప్ గారి ప్రసంగం. పిన్ని వెనక బల్ల మీద పిల్ల పక్కన కూర్చుంది. ఆ దిక్కుమాలిన చేతులు తన ముక్కల పుణ్యాన హాయిగా లేస్తాయి, తను తల వంచి దీవెన తీసుకోవాలి. ఇంతకన్నా చెప్పుతో కొట్టినా బాగుండేది.

కొత్త గురువులు ముగ్గురూ జనం వైపు తిరిగారు. ఇద్దరి చేతులు పైకి లేచాయి. మూడోవాడివి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయాయి. అతను బలంగా లాగాడు. చేతులు లేవలేదు, అంగీ లేచింది. కింద ప్యాంటు, మోకాళ్ళ దాకా బయటపడింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసవరసకీ పాకి వెనక బల్లల దాకా వచ్చింది.

పిన్ని బిత్తరపోయి పక్కకు తిరిగింది. పిల్ల ఒళ్ళో పిడికిలి విప్పి చూపించింది. రెండు తెల్ల ముక్కలు, దారప్పోగులతో సహా. రాత్రే వాటిని ఊడదీసి, చంకలు మళ్ళీ బిగించి కుట్టేసిందన్నమాట.

"ఓసి నీ..." అంది పిన్ని. మాట పూర్తయ్యేలోపే పిల్ల లేచి నిలబడింది.

"చె... చె..." అంది. జనం వెనక్కి తిరిగారు. నవ్వు ఆగింది. పిల్ల తల దించలేదు, తొందరపడనూ లేదు. ఆ మాటకు ఎంతసేపు పడుతుందో అంతసేపూ అందరినీ ఆగేలా చేసింది. "చె... చెయ్యి ది... దించండి ఫాదర్. మీరు ఎ... ఎత్తేసరికి పొ... పొద్దుగూకుతుంది."

మైకు బ్రదర్ మొహం అంగీ కన్నా తెల్లగా పాలిపోయింది. గుర్తొచ్చింది. ఆ గొంతు, ఆ మాట, ఆ రోజు అన్నీ గుర్తొచ్చినట్టు మొహమే చెప్పింది. మెల్లగా చేతులు దించాడు.

బయటికొచ్చాక మెట్ల మీద పిన్ని కూతురి చెయ్యి పట్టుకుంది. ఏళ్ళ తరబడి ఉడికిన కడుపు ఇప్పుడు చల్లగా ఉంది.

"అంగీ సరిచెయ్యమని రేపు మనింటికొస్తాడే" అంది.

"రా... రానీ" అంది పిల్ల. "కొ... కొలత నేను తీస్తా."