మిల్లు గుమ్మంలో మా మామ్మ

నా చిన్నప్పుడు మా ఊళ్లో వడ్ల మిల్లు పెడుతున్నారని తెలిసిన రోజు బళ్లో చెప్పిన పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. పాతపట్నం నుంచి ఎడ్లబండి మీద ఇంజను వస్తుంటే పిల్లలమంతా దాని వెనకే పరిగెత్తాం. ఆ పచ్చరంగు, ఆ నూనె వాసన తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అంత సంబరంలోనూ నాకొక భయం. మా మామ్మ నాలుగిళ్లకు వడ్లు దంచేది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ దంపుడు మీదే. వారం పట్టే పనిని మిల్లు ఒక్క పూటలో చేసేస్తుందట. ఇక మామ్మను పిలిచేదెవరు? ఆవిడ మాత్రం కుచ్చెళ్లు దోపుకుని, "పదే, సూసొద్దాం" అంటూ నాకంటే ముందు బయల్దేరింది.

మొదటిరోజు మిల్లు దగ్గర తిరునాళ్లే. తన వడ్లే ముందు పడాలని ప్రతి ఒక్కరికీ ఆరాటం. కళ్లంలో ఎండబెట్టిన వడ్లను మిట్టమధ్యాహ్నం అలాగే బస్తాలకెత్తి తెచ్చేశారు. ఇంజను హోరెత్తింది. మేం కేకలు పెట్టాం. తీరా కిందికి జారిన బియ్యం చూస్తే సగానికి సగం నూకలు! మిల్లు పెట్టినాయన్ని మేమంతా మిల్లు మావ అనేవాళ్లం. పాపం ఆయన మరలు బిగించాడు, వదులు చేశాడు. ఏం చేసినా నూకలు తగ్గలేదు. జనం తిట్టుకుంటూ బస్తాలు తిరిగి భుజానికెత్తుకున్నారు.

మామ్మ ఊరుకుంటే ఆ మిల్లు మూతపడేది, ఆవిడకు దంపుడు పని దక్కేది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకూ అదే కావాలనిపించింది. ఆవిడ ఊరుకునే రకం కాదు. ఒక బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చింది.

"మిషను మీద పడతారేటిరా? వడ్లింకా కాల్తన్నాయి. ఇంత వేడి మీద దంచితే రోట్లో మాత్రం ఇరగవేటి? నీడన పోసి సల్లారనీండి."

సాయంత్రానికి చల్లారిన వడ్లు పోస్తే గింజ విరక్కుండా బియ్యం దిగింది. మిల్లు మావ దోసిట్లోకి తీసుకుని చూశాడు. "అత్తా, రేపట్నుంచి నువ్వీ గుమ్మంలో కూకో. నువ్వు సెయ్యెట్టి సూసిన బస్తాయే లోనికొస్తాది. కూలి నేనిస్తాను" అన్నాడు.

"కూలి సరేరా. ఆ మిషను ఎలాగ నడపాలో నేర్పితేనే వస్తాను" అంది మామ్మ.

చుట్టూ ఉన్న మగవాళ్లు పగలబడి నవ్వారు. నెల తిరిగేసరికి వాళ్లే తమ వడ్లు ఆవిడ చేతే ఆడించుకున్నారు. బెల్టు జారితే ఆవిడే ఎక్కించేది. చప్పుడు విని లోపల రాయి పడిందని చెప్పేది. కాయలు కాసిన ఆ అరచేతులు ఏడాది తిరిగేసరికి మెత్తబడ్డాయి. రోకలి మీద ఆవిడకు ఏనాడూ మమకారం లేదని నాకప్పుడు అర్థమైంది. ఆవిడ గర్వమంతా వడ్ల సంగతి తెలిసుండడంలోనే ఉండేది.

ఇప్పుడు మా మనవరాలు విజయనగరంలో ఒక కంపెనీకి ఉద్యోగులను ఎంపిక చేసే పనిలో ఉంది. వచ్చిన దరఖాస్తులన్నీ కంప్యూటరే చదివి ఎవరిని పిలవాలో చెబుతోందట. "నా పని పోతాదేటి అమ్మమ్మా?" అంది మొన్న ఇంటికొచ్చినప్పుడు బెంగగా. ఆ మాటల్లోనే ఇంకో సంగతి బయటపడింది. నౌపడ ఉప్పు మళ్లలో ఏళ్ల తరబడి కూలీల చేత పని చేయించిన ఒకావిడను, డిగ్రీ లేదని కంప్యూటర్ పక్కన పెట్టేసిందట. ఈ పిల్ల ఆవిడను పిలిచి మాట్లాడి, పనిలోకి తీసుకుంది. ఇప్పుడు ఆ కంపెనీలో ఒక విభాగమంతా ఆవిడ మీదే నడుస్తోందట!

నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు. "ఒసే, ఆవిడను పక్కనెట్టడం ఎందుకు తప్పో ఆ కంప్యూటర్‌కి నువ్వే సెప్పాల. నువ్వు కాకపోతే ఇంకెవరు సెప్తారే?" అన్నాను. అప్పటికప్పుడు ల్యాప్‌టాప్ తెరిపించి అదెలా నడుస్తుందో అడిగి తెలుసుకున్నాను. డెబ్బై దాటాయి, సగం నాకు బోధపడలేదు. అయినా రేపు మళ్లీ చెప్పమన్నాను. కొత్త యంత్రం వచ్చిందంటే దానికి తెలిసింది మనం నేర్చుకోవాలి, మనకు తెలిసింది దానికి చెప్పకుండా దాచుకోకూడదు. మామ్మ నాకిచ్చిన ఆస్తి ఇదే, మా మనవరాలికీ ఇది చాలు.